రాయి దాఖలు చేయవలెను

విద్యార్థి మాట చెవిన పెట్టని కాలేజీయే ఉత్తమమైన కాలేజీ! ఈ మాట అనగానే కుర్రకారు కస్సుమంటారని తెలుసు. అననివ్వండి. వాళ్ళ మాట ఎవరు వినబోతున్నారు కనుక?

కోపం పక్కన పెట్టి ఒక్క నిమిషం ఆలోచించండి. పదిహేడేళ్ళ పిల్లవాడికి మీసమైనా సరిగ్గా మొలవదు, అభిప్రాయాలు మాత్రం ఏపుగా మొలుస్తాయి. వాటిని వినడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం? ఇవాళ హాస్టల్ పప్పులో పప్పు కనబడటం లేదంటాడు. పాపమని వేయిస్తే, రేపు ఉప్పు చాలలేదంటాడు. ఎల్లుండి లైబ్రరీ తాళం తీయమంటాడు!

తాళం తీస్తే ఏమవుతుంది? పుస్తకాలు చదువుతాడు. చదివినవాడు ఊరుకుంటాడా? క్లాసులో లేచి ప్రశ్న అడుగుతాడు. ఇరవై ఏళ్ళుగా ఒకే నోట్సుతో పెళ్ళాం బిడ్డల్ని పోషించుకుంటున్న లెక్చరర్ గారు, ఆ ప్రశ్నకు జవాబు కోసం ముసలితనంలో మళ్ళీ చదువుకు కూర్చోవాలి. ఒక సంసారి ఉసురు పోసుకునేంత నేరం ఆయనేం చేశాడు?

ఇంత చెప్పినా నమ్మకం కుదరని వాళ్ళ కోసం బీరన్న సంగతి చెప్పాలి. విద్యార్థులను అభిప్రాయం అడగటమనే పాపం ఒకే ఒక్కసారి చేసిన కాలేజీలో ఏం జరిగిందో, ఆ అభిప్రాయం ఏమైందో, ఇందులో ఉంది.

వికారాబాద్ స్టేషన్‌కు కూతవేటు దూరంలో విజ్ఞానవర్ధని అని ఒక కాలేజీ ఉండేది. ఇప్పుడు వెతక్కండి, దొరకదు. అందులో వెయ్యిన్ని తొమ్మిదివందల యాభై తొమ్మిదిలో బీరన్న పి.యు.సి.లో చేరాడు. వాళ్ళది బషీరాబాద్ అవతల, ఇంకో నాలుగు చేలు దాటితే మైసూరు రాష్ట్రం వచ్చేస్తుందనగా ఉండే పల్లె. తాతల నాటి నుంచి గొర్రెల మంద. ఆ ఇంట్లో మెట్రిక్ పాసైన మొదటివాడు బీరన్న. ఆ ఊళ్ళో కూడా అతడే మొదటివాడు. అందుకని తల్లి హన్మమ్మ వేగుజామునే లేచి జొన్నరొట్టెలు చేసి మూట కట్టి, రైలు దాకా వెంట వచ్చేది.

మేనమామ ఈరయ్య మాత్రం రోజూ పొద్దుగూకే వేళకు ఒకటే ప్రశ్న వేసేవాడు.

"ఎప్పుడు ఫేలయితవ్‌రా అల్లుడా? మందకాడ మనిషి తక్కువైండు. జర జల్ది చూడు!"

ఇందులో ద్వేషమేమీ లేదు. ఆయనకు గొర్రెల ఫికర్ ఉంది, అంతే. ఫేలైన మర్నాడే మందలోకి రావాలని, పాసైతే వదిలేస్తానని మామా అల్లుళ్ళ మధ్య ఒప్పందం.

చదువులో బీరన్న గట్టివాడే. చిక్కంతా గంటతో వచ్చింది. గంటంటే పెద్ద వస్తువేమీ కాదు, కాలేజీ ముందు గుంజకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ప్యూను సరిగ్గా పది గంటలకు దాన్ని కొట్టేవాడు. గంట కొట్టగానే హాజరు పిలుపు. పిలుపుకు పలకనివాడు ఆ పూటకు రానట్టే.

తాండూరు వైపు నుంచి వచ్చే ప్యాసింజర్ కాగితం మీద తొమ్మిదిన్నరకు వికారాబాద్ చేరాలి. చేరేది పది దాటిన పావుగంటకు. ఎందుకంటారా? ఆ దారిలో నాపరాళ్ళ గూడ్సు బండ్లు పోతుంటాయి. వాటికి దారి ఇచ్చేందుకు ప్యాసింజర్‌ను ఎక్కడో ఒక చోట నిలబెడతారు. రాళ్ళు ముందు, మనుషులు వెనక. రాళ్ళకు అర్జెంటు పనులుంటాయని మనం అర్థం చేసుకోవాలి.

ఆ రైల్లో వచ్చేవాళ్ళు ఇరవై ముగ్గురు. అందరూ స్టేషన్ నుంచి పరుగు తీసి, మూసిన గేటు పక్కన ఉన్న సందులోంచి ఒక్కొక్కరే దూరి, రెండో క్లాసులో కూర్చునేవాళ్ళు. నూటికి డెబ్బై అయిదు హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు. దసరా నాటికి బీరన్నది ముప్పై ఒకటి. ఇట్లాగే సాగితే ఫిబ్రవరిలో కర్ర పట్టుకుని మంద వెనక నడవడమే.

మరి కుర్రవాడు నోరు మూసుకుని మందకు పోవచ్చు కదా? పోలేదు! ప్రిన్సిపాల్ గారి గది ముందు నిలబడ్డాడు. గంటను అరగంట ఆలస్యంగా కొట్టించమని, సాయంత్రం అరగంట ఎక్కువసేపు కూర్చుంటామని మనవి చేసుకున్నాడు.

ప్రిన్సిపాల్ గారు సర్కారు జిల్లాల నుంచి వచ్చిన పెద్దమనిషి. ఎంత మంచివాడంటే ఎవరినీ కాదనేవాడు కాదు. ఔననేవాడు కూడా కాదు.

"ఒక్కడివి వచ్చి చెబితే ఎలాగయ్యా? అందరి తరఫున ఒక ప్రతినిధి రావాలి. అది పద్ధతి" అన్నాడు.

పిల్లలు మీటింగు పెట్టారు. ప్రిన్సిపాల్ గది ముందు నిలబడే సరదా ఇంకెవరికీ లేకపోవడం వల్ల బీరన్న పోటీ లేకుండా ఎన్నికయ్యాడు. స్నేహితుడు మొగులప్ప అతని మెడలో తంగేడుపూల దండ వేశాడు. మొగులప్పది తాండూరు. వాళ్ళ నాయన నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. ఆ దండతోనే బీరన్న మళ్ళీ గది ముందుకు పోయాడు.

"నువ్వు ఆ రైల్లోనే వస్తావు కదూ?" అని అడిగాడు ప్రిన్సిపాల్.

"అవును సార్."

"మరి ఇది స్వార్థం అవుతుంది కదా! రైల్లో రానివాడెవడైనా వచ్చి చెప్పమను. నిష్పాక్షికంగా ఉంటుంది."

బీరన్న వికారాబాద్‌లోనే ఉండే పిల్లల్ని బతిమాలాడు. వాళ్ళు తల గోక్కుని "మాకేం తక్లీఫ్ లేదు గద!" అన్నారు. ఆ మాటే తెచ్చి చెబితే ప్రిన్సిపాల్ గారి ముఖం వెలిగిపోయింది.

"చూశావా? నిష్పాక్షికులెవరికీ ఇబ్బంది లేదు!"

ఎంత చక్కటి తర్కం! చెప్పు కరుస్తోందని చెప్పుకునే హక్కు, ఆ చెప్పు తొడుక్కోనివాడికే ఉంటుంది. ఇట్లాంటి న్యాయం ఎక్కడైనా దొరుకుతుందా?

సంగతి ఇంతటితో ముగిసిపోయి ఉంటే కాలేజీ పరువు నిలిచేది. ఖర్మకాలి నవంబరులో పైనుంచి ఒక కాగితం వచ్చింది. కాలేజీ వ్యవహారాల్లో విద్యార్థుల అభిప్రాయం సేకరించి ఫైలులో ఉంచవలెనని అందులో ఉంది. సేకరించమన్నారు, ఫైలులో ఉంచమన్నారు. వినమని ఎక్కడా లేదు. ప్రిన్సిపాల్ గారు రెండుసార్లు చదివి ఈ విషయం ఖాయం చేసుకున్నాకే ధైర్యంగా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, తెలుగు చేయమని హెడ్ క్లర్క్ నర్సప్పకు ఇచ్చి, హైదరాబాదు పనికి తయారవసాగాడు.

నర్సప్ప గురించి ఒక మాట. ముప్పై ఏళ్ళు దఫ్తరు పని చేసినవాడు. నిజాం కాలంలో నేర్చిన కలం, ఉర్దూలో ముత్యాల్లాంటి రాత. జమానా మారి తెలుగు రాయమన్నాక, నలభై దాటిన వయసులో మనవరాలి వాచకం ముందు పెట్టుకుని ఓనమాలు దిద్దాడు. ఇప్పుడు తెలుగే రాస్తాడు. ఆలోచించేది మాత్రం ఉర్దూలోనే.

అభిప్రాయం అనే మాట ఆయన నోటికి రాదు. దానికి ఉర్దూలో హాయిగా 'రాయ్' అనే మాట ఉంది. ఎవరి రాయ్ వాళ్ళు చెప్పుకోవచ్చు. ఆయన అదే తెలుగు అక్షరాల్లో రాసి చూసుకున్నాడు. 'రాయ్' అని చివర పొల్లు ఉండేసరికి మాట మొండిగా కనబడింది. తెలుగు మాటకు చివర అచ్చు ఉండాలని మనవరాలి వాచకం చెప్పింది. అందుకని ఎంతో శ్రద్ధగా ఒక గుడి పెట్టాడు. సాయంత్రానికి నోటీసు బోర్డు మీద ఇది వెలిసింది:

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గంట మార్చు విషయమై ప్రతి విద్యార్థియు తన రాయి శనివారం లోగా దఫ్తరులో దాఖలు చేయవలెను. రాయి సాఫుగా ఉండవలెను. రాయి మీద పేరు, క్లాసు తప్పక ఉండవలెను. పెద్ద రాయి పనికిరాదు. రాయి మెత్తగా ఉండవలెను, ఎవరికీ తగలరాదు. ఎవరి రాయి వారే తేవలెను. పక్కవాని రాయి ఎత్తరాదు."

కింద ప్రిన్సిపాల్ గారి సంతకం. ఇందుమూలముగా అని మొదలైన కాగితాన్ని ఆయన చదివేవాడు కాదు. సంతకం పెట్టి రైలెక్కేశాడు.

బోర్డు ముందు పిల్లలు గుమిగూడారు. రాయి ఎందుకు?

"గంట మారుస్తరని ఉన్నది గద!" అన్నాడు మొగులప్ప, రాళ్ళ సంగతి తనకు తెలిసినంత ఎవరికీ తెలియదన్నట్టు. "గుంజ తీసి దిమ్మె కడ్తరు. దిమ్మెకు రాళ్ళు గావాలె. గంట కొత్తగ పెడితే టైము గూడ కొత్తగ పెడ్తరు. గంతే లెక్క!"

బీరన్న పొంగిపోయాడు. రెండు నెలలుగా కాళ్ళరిగేలా తిరిగితే ఇన్నాళ్ళకు పనైంది! రాయేమిటి, కొండనే మోసుకొస్తామనిపించింది. అయినా ప్రతినిధి కనుక ఒకటికి రెండుసార్లు కనుక్కోవాలని దఫ్తరుకు పోయాడు.

"సార్, మా ఊరి రాయి నడుస్తదా?"

"ఎందుకు నడువదు?" అన్నాడు నర్సప్ప ప్రేమగా. "అసలు మీ తాండూరోళ్ళ రాయే ముఖ్యం. మీ కోసమే గద గిదంత!"

"జర గరుకుగుంటే?"

"గరుకొద్దు కొడుకా. పెద్దసారు నొచ్చుకుంటడు. ఇంటికాడ కూసోని మంచిగ సాఫు చేసి తే."

ఇంతకంటే స్పష్టంగా ఎవరైనా ఎలా చెబుతారు?

ఆ వారం తాండూరులో ఉలుల చప్పుడు ఆగలేదు. మొగులప్ప తన రాయి మీద పేరు, క్లాసు, రెండు పక్కలా రెండు పువ్వులు చెక్కించుకున్నాడు. బీరన్న రాయిని హన్మమ్మ చింతపండు పెట్టి తోమింది. వికారాబాద్ పిల్లలు అనంతగిరి దారి పట్టి ఎర్రరాళ్ళు ఏరుకొచ్చారు. మెత్తటి రాయి అన్న షరతు చూసి బుర్ర గల ఒకడు క్లాసులోని సుద్దముక్క మీదే పేరు రాసి జేబులో వేసుకున్నాడు. వాడు ఇప్పుడు ప్లీడరుగా ఉన్నాడని విన్నాం.

శనివారం పొద్దున ఇరవై ముగ్గురూ గొంగళ్ళలో చుట్టిన మూటలతో రైలెక్కారు. టికెట్ కలెక్టర్ ఆపాడు.

"ఏం పట్కపోతున్నర్రా?"

"మా రాయి సార్. కాలేజీల ఇయ్యాలె, అడిగిన్రు."

ఆయన ఉర్దూ చదువు చదివినవాడు. కళ్ళు పెద్దవి చేశాడు.

"పిలగాండ్ల రాయ్ గూడ అడుగుతున్నరా? వాహ్! జమానా ఎంత మారె! పోండ్రి, పోండ్రి. మంచిగ ఇయ్యుండ్రి!"

దఫ్తరులో నర్సప్ప సుద్దముక్కల పెట్టె మూతకు సన్నటి చీలిక కోసి, చీటీలు వేసేందుకు బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. వరుసలో మొదట నిలబడ్డవాడు మొగులప్ప. అతడు మూట విప్పి తన బండను పెట్టె మీద పెట్టాడు. పెట్టె పచ్చడైంది.

"గిదేందిరా!"

"నా రాయి సార్."

"నీ రాయి గిట్లుంటదా?"

"మంచిగలేదా సార్? పువ్వులు గూడ చెక్కిచ్చిన!"

"అరే, నేనడిగింది రాయిరా!"

"గిది రాయే గద సార్!"

"గీ రాయి గాదురా! మనసుల ఉంటది సూడు, గా రాయి!"

మొగులప్ప బాధపడ్డాడు. "మా మనసుల రాళ్ళెందుకుంటయి సార్? మేం మంచోళ్ళం."

నర్సప్ప తన నోటీసు తెప్పించుకుని, దాన్ని రాశాక మొదటిసారి తెలుగుగా చదివాడు. ముఖాన చెమటలు పట్టాయి. వెనక వరుస గేటు దాకా ఉంది, అందరి చంకల్లో రాళ్ళే. తప్పయిందని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ముప్పై ఏళ్ళలో తప్పు చేయని కలం అది! పైగా కింద ప్రిన్సిపాల్ సంతకం ఉంది. సంతకం ఉన్న కాగితంలో తప్పుండటానికి వీల్లేదు.

"దాఖల్!" అన్నాడు గట్టిగా. "గోడకు పెట్టు. ఇంకొకడు రా!"

ఆ సమయంలోనే ప్రిన్సిపాల్ గారు హైదరాబాదు నుంచి దిగారు. గేటు దగ్గరకు రాగానే ఆయనకు కనబడింది ఏమిటి? రెండు వందల మంది విద్యార్థులు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో రాయి. అందరూ ఆయన గది వైపే తిరిగి ఉన్నారు!

ఆయన చప్పుడు కాకుండా వెనక కిటికీలోంచి లోపలికి దిగి, గడియ పెట్టుకుని, బల్ల కింద కూర్చుని, ప్రతినిధిని పిలవమని కేక వేశాడు. బీరన్న తలుపు బయట నిలబడ్డాడు.

"ఏమిటయ్యా ఇదంతా? ముందు ఆ రాళ్ళు కింద పెట్టమను!"

"పెట్టినోళ్ళు పెట్టిన్రు సార్. మిగిలినోళ్ళది వంతు రాలె."

వంతు అన్న మాట వినగానే ఆయన బల్ల కింద ఇంకాస్త లోపలికి జరిగాడు. "అసలు మీకేం కావాలి?"

"ఎరుకే గద సార్. గంట అరగంట వెనుకకు జరపాలె."

"ఇచ్చాను! సోమవారం నుంచి పదిన్నర! ఇక వెళ్ళండి బాబూ!"

బీరన్న కాళ్ళు నేల మీద నిలవలేదు. అతన్ని భుజాల మీద ఎక్కించుకుని స్టేషన్ దాకా ఊరేగించారు. ఎవరూ ఎవరి మీదా గులకరాయి విసరలేదు. విసరవచ్చన్న ఆలోచన కూడా ఆ అమాయకులకు రాలేదు. నోటితో రెండు నెలలు అడిగితే రానిది చంకలో రాయి పెట్టుకుంటే ఒక్క నిమిషంలో ఎందుకు వచ్చిందో వాళ్ళకు అర్థం కాలేదు. మనకైనా అర్థమైందని బయటికి అనకూడదు.

ఆదివారం నర్సప్ప పెద్దసారు ఇంటికి పోయి జరిగింది జరిగినట్టు చెప్పేశాడు. ప్రిన్సిపాల్ గారు ముందు నవ్వారు. తరవాత బల్ల కింద కూర్చున్న సంగతి గుర్తొచ్చి నవ్వు ఆపేశారు. సోమవారం పొద్దున ఆయనే స్వయంగా, చక్కటి తెలుగులో, ఇంకో నోటీసు రాశారు.

"గంట వేళ విషయమై విద్యార్థుల అభిప్రాయం కోరగా, గడువులోగా ఒక్క అభిప్రాయమూ అందలేదు. అందినవి రాళ్ళు. కావున ఈ విషయమై విద్యార్థులకు అభిప్రాయమేమీ లేదని రుజువైనది. గంట యథాప్రకారం."

పది దాటిన పావుగంటకు పరుగెత్తుకొచ్చిన బీరన్న అది చదివి ఏడ్చాడు. దాచిపెట్టడం దేనికి, బోర్డు ముందు నిలబడి అందరూ చూస్తుండగానే ఏడ్చాడు.

దాఖలైన రాళ్ళను పారేయకూడదు కదా, రికార్డు అవి! అందుకని వాటితో ఒక ఉపయోగకరమైన పని చేశారు. గేటు పక్కన సందు ఉందని చెప్పాం కదా? లేటుగా వచ్చినవాళ్ళు దూరే సందు. దాన్ని మూసేశారు. విద్యార్థుల మాట వృథా పోయిందని ఇప్పుడు ఎవరైనా అనగలరా? ఒక్కొక్కరి అభిప్రాయం పేరుతో సహా, క్లాసుతో సహా, సున్నం పెట్టి గోడలో కూర్చోబెట్టారు. వాళ్ళు ఆ గోడ బయట నిలబడి, రెండో క్లాసుకు గేటు తెరిచేదాకా తమ పేర్లు తామే చదువుకునేవాళ్ళు.

ఫిబ్రవరి వచ్చింది. హాజరు చాలనివాళ్ళ జాబితాలో ఇరవై మూడు పేర్లు. ఈరయ్య సంతోషం పట్టలేక అల్లుడికి కొత్త కర్ర చెక్కి ఉంచాడు. హన్మమ్మ రెండు రోజులు పొయ్యి రాజేయలేదు.

బీరన్న ఆఖరిసారి దఫ్తరుకు పోయాడు.

"సార్, పోతున్న. గోడలకెళ్ళి నా రాయి తీసియ్యున్రి. మా అమ్మ తోమిన రాయి. బట్టలన్న ఉతుక్కుంటది."

ఆ మూడు నెలలుగా నర్సప్ప ఈ పిల్లవాడి ముఖం చూడలేక తప్పించుకుని తిరుగుతున్నాడు. ఇప్పుడు లేచి అతనితో గోడ దాకా నడిచాడు. 'కె. బీరన్న, పి.యు.సి.' అని స్పష్టంగా ఉంది. నర్సప్ప కళ్ళజోడు సవరించుకున్నాడు.

"కొడుకా, గీ రాయి పొద్దుగాల పది గంటలకు యాడుంటది?"

"గీడనే ఉంటది సార్. యాడికి పోతది?"

"దినాం?"

"దినాం."

నర్సప్ప పరుగున పోయి కాలేజీ నిబంధనల పుస్తకం తీశాడు. దాన్ని కూడా తెలుగు చేసింది ఆయనే. హాజరు నిబంధన ఇలా ఉంది: "గంట కొట్టు వేళకు ఎవరి పేరు కాలేజీ ఆవరణలో ఉండునో వారు హాజరైనట్లు."

మరి గోడ కట్టిన నాటి నుంచి బీరన్న పేరు ఒక్క రోజు కూడా ఆవరణ దాటి బయటికి పోలేదు! ఆదివారాల్లో కూడా ఉంది! నర్సప్ప మూడు నెలల హాజరు మళ్ళీ లెక్క కట్టాడు. ఆదివారాలతో కలిపితే నూటికి డెబ్బై ఆరు వచ్చింది.

ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారా అని మీరు అడుగుతారు. ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు! ఇరవై ముగ్గురు పరీక్షకు పోకపోతే కాలేజీకి ఇంత తక్కువమందా అని పైవాళ్ళు అడుగుతారు. ఈ పద్ధతిలో గంట మారలేదు, నిబంధన మారలేదు, ఎవరి మాటా విన్నట్టు కాలేదు. అంతకంటే ఏం కావాలి?

ఆ రోజు నుంచి పది కొట్టగానే నర్సప్ప రిజిస్టరు పట్టుకుని గోడ వెంట నడుస్తూ పేర్లు పిలిచేవాడు. ఒక్కొక్క రాయిని చూసి ఒక్కొక్క టిక్కు పెట్టేవాడు. కాలేజీ చరిత్రలో అంత క్రమశిక్షణ ఎన్నడూ లేదు. లేటు లేదు. గుసగుసలు లేవు. లైబ్రరీ తాళం అడిగినవాడు లేడు. ప్రిన్సిపాల్ గారు సాయంత్రాలు గోడ ముందు కుర్చీ వేయించుకుని, కన్నబిడ్డల్ని చూసినట్టు చూసేవారు.

బీరన్న పరీక్ష రాశాడు. సెకండ్ క్లాసులో పాసయ్యాడు. ఈరయ్య ఆ కొత్త కర్ర పట్టుకుని తానే మందను తోలుకుపోయాడు.

ఉద్యోగానికి అర్జీ పెట్టాలంటే కాలేజీ నుంచి నడవడి సర్టిఫికెట్ కావాలి. బీరన్న పోయి తెచ్చుకున్నాడు. ప్రిన్సిపాల్ గారు తన సొంత దస్తూరీతో రాశారు: "ఈ విద్యార్థి ప్రతిరోజూ వేళకు ముందే హాజరు. ఎన్నడూ నోరు విప్పలేదు. ఏదీ అడగలేదు. కూర్చోబెట్టిన చోటు నుంచి కదలలేదు. ఇంతటి ఉత్తముణ్ణి నా సర్వీసులో చూడలేదు."

బీరన్న చదివాడు. రెండు నెలలు గది ముందు నిలబడ్డది ఎవరు? దండ వేసుకుని పోయి మాట పడ్డది ఎవరు? అతడు కాగితం తెచ్చి నర్సప్ప బల్ల మీద పెట్టాడు.

"సార్, గిది నాది గాదు. రాయిది. నాది నాకు రాసియ్యున్రి."

నర్సప్ప దాన్ని చదివి, మడిచి, మళ్ళీ అతని చేతిలోనే పెట్టాడు.

"నీది రాస్తే నౌకరీ ఎవలిస్తరు కొడుకా? రాయిదే పట్కపో."

బీరన్న పట్టుకుపోయాడు. హైదరాబాదులో ఒక దఫ్తరులో ముగ్గురు పెద్దమనుషులు ఆ సర్టిఫికెట్‌ను ఒకరి తరవాత ఒకరు చదివారు. చివర్లో మధ్యలో కూర్చున్నాయన కళ్ళజోడు తీసి, "నువ్వేమైనా అడగాలనుకుంటున్నావా?" అన్నాడు.

బీరన్నకు అడగవలసినవి చాలా ఉన్నాయి. పని ఎన్ని గంటలకు మొదలవుతుందన్నది మొదటిది. అతడు రాయిలా కూర్చున్నాడు. ఉద్యోగం ఆ పూటే ఇచ్చారు.